ఒకటో ఛానెల్

జూన్ 4
మళ్ళీ ఒప్పుకోలేదు. గనివాళ్ళు పాత సామాను కింద అమ్మేసిన రిపీటర్ — దాని సాఫ్ట్‌వేర్‌కు మన అమెచ్యూర్ రేడియోవాళ్ళ ఫ్రీక్వెన్సీ అంటే పడదు. అంకె కొట్టడం, ఎర్రగా హెచ్చరిక రావడం. కొత్తగూడెంలో రహీం భాయ్ రేడియో షాపులో పొద్దున్నుంచి ఇదే పని. కాలేజీలో ఫిజిక్స్ చెప్పుకుని బతికేదాన్ని, ఒక ఇనప పెట్టెను దారికి తెచ్చుకోలేకపోతున్నాను. ఏడుపొస్తోంది. వానలు దగ్గరికొచ్చాయి.

జూన్ 5
చెల్లెలు సుజాత ఫోన్. ఆరోగ్య సబ్‌సెంటర్ దగ్గర సిగ్నల్ ఉండదు, చర్ల అంగడికి వచ్చి చేసింది. "జోగమ్మ కడుపుల కవలలు అక్కా. పోడుల ఇత్తనాలు పెట్టేదాక దవాఖానకు రానంటది." వానలు మొదలైతే తొవ్వ ఉంటుందా అన్నాను. నవ్వింది. "గందుకే గదా నీ పెట్టె."
నా పెట్టె అట. చెల్లెలు ఆ అడవిలో నర్సుగా చేరినప్పటి నుంచి వానాకాలం వస్తే నాకు అన్నం సయించదు. వెంటపడి రేడియో పరీక్ష రాయించాను, లైసెన్సు వచ్చింది, చేతి సెట్టు కొనిచ్చాను. కానీ దాని మాట భద్రాచలంలో నా గది దాకా రావాలంటే, మధ్యలో ఏదో ఒక గుట్ట మీద రిపీటర్ దాన్ని అందుకుని మళ్ళీ పలకాలి. లేకపోతే ఆ సెట్టు ఆటబొమ్మ.

జూన్ 11
పలికింది. సాఫ్ట్‌వేర్ ఫైలు తెరిచి లోపలి అంకె మార్చి, తిరిగి ఎక్కించాం. రిపీటర్ పెట్టుకునే అనుమతి కాగితం ఎప్పుడో వచ్చి ఉంది, ఇక సాకు లేదు. రెండో ఛానెల్‌లో మనది. ఒకటో ఛానెల్‌లో గని పాత ఫ్రీక్వెన్సీ అలాగే ఉంది. తీసేద్దామన్నాను. రహీం భాయ్ చెయ్యి ఆగిపోయింది.
"ఉండనియ్యుండ్రి మేడం. మా అబ్బ పానం కాపాడింది గా ఛానెలే."
పైకప్పు కూలిన రోజు రెస్క్యూ వాళ్ళను పిలిచింది అందులోనేనట. మా నాన్న కూడా బొగ్గులోనే పనిచేశాడు. తీసెయ్యమనడానికి నోరు రాలేదు. ఉండనీ అన్నాను.

జూన్ 13
వినేదీ పలికేదీ ఒకదాన్నొకటి పాడుచెయ్యకుండా మధ్యలో పెట్టే ఆ డబ్బాలు — ఒకటి సరిచేస్తే ఇంకోటి పోతోంది. రిపీటర్ తన గోల తానే వింటోంది. వేళ్ళు నొప్పి. ఇది అవుతుందన్న నమ్మకం లేదు.

జూన్ 19
ఎక్కించాం. ఆ డబ్బాలు చివరికి కుదిరాయి. పర్ణశాల దారిలో రావుగారి మామిడి తోట, గుట్ట మీద ఆయన పంపుషెడ్డు. "పెట్టుకోండమ్మా, కరెంటు ఎటూ ఉంది. పోలీసులొస్తే మాత్రం మీరే మాట్లాడుకోవాలి." రానే వచ్చారు. అడవి సరిహద్దున ఏరియల్ కనిపిస్తే ఊరుకుంటారా. కాగితాలు చూశారు, ఫొటోలు తీసుకుని వెళ్ళారు.
తర్వాత సుజాత గొంతు. "అక్కా, పక్కన కూసొని మాట్లాడినట్టే ఉంది."
షెడ్డు గోడకు ఆనుకుని ఏడ్చాను. రహీం భాయ్ అటు తిరిగి బ్యాటరీ వైర్లు బిగిస్తున్నట్టు నటించాడు.

జూలై 2
రోజూ సాయంత్రం పిలుపు. జోగమ్మ ఇంకా రాలేదు. "ఇంకొక్క చెక్కల ఇత్తనం పెట్టేది మిగిలిందంట." ఆ పొలం మీద నాకు కోపం. ఆమెకు అదే తిండి అని తెలిసి కూడా కోపం.

జూలై 14
వదలని వాన. గోదావరికి హెచ్చరిక. చర్ల రోడ్డు మునిగింది, ఫోన్లు లేవు, ఆ వైపంతా కరెంటు లేదు. రిపీటర్ బ్యాటరీ మీద నడుస్తోంది.
సుజాత — "జోగమ్మను సెంటర్‌కు తోల్కొచ్చిన. నొప్పులు ఇంక రాలే. వస్తే పిలుస్త, నువ్వు బోటు పంపియ్యి."
వరద బోటు వాళ్ళతో మాట్లాడాను. ఒక్క మాట చెప్తే బయల్దేరుతామన్నారు.

జూలై 15
పొద్దున్నే రావుగారి ఫోన్. బ్యాటరీ అయిపోయి పెట్టె ఆగిందట, ఇప్పుడు తోట దగ్గర ఫోనూ కరెంటూ వచ్చి మళ్ళీ వెలిగిందట. హమ్మయ్య అనుకున్నాను. సుజాత పిలవలేదు. నొప్పులు రాలేదన్నమాట.

అదే రోజు, మధ్యాహ్నం దాటి
నేనే పిలిచాను. జవాబు లేదు. బటన్ వదిలాక రిపీటర్ నుంచి వచ్చే చిన్న చప్పుడు కూడా లేదు. ఏరియల్ పడిపోయిందా... రావుగారు మనిషిని పంపి చూపించారు. "అన్నీ బాగానే ఉన్నాయమ్మా. లైటు వెలుగుతానే ఉంది."
రహీం భాయ్‌కి ఫోన్ చేశాను. "బ్యాటరీ పూరా ఒడిసినంక కరెంటు వచ్చిందా మేడం?" అవునన్నాను.  మెల్లగా చెప్పాడు — "ఆరిపొయ్యి లేస్తే అది ఒకటో ఛానెల్ మీదనే లేస్తది."
షాపులో ఒక్కసారైనా ఆర్పి వెలిగించి చూడలేదు మేం. పొద్దుటి నుంచి అది గుట్ట మీద మూతపడ్డ గని ఫ్రీక్వెన్సీ వింటూ కూర్చుంది.
రావుగారి మనిషి మళ్ళీ వానలో ఎక్కాడు. ఫోన్లో చెప్పి ఛానెల్ నాబ్ తిప్పించాను. రెండు అంకె కనిపిస్తోందా అంటే, అవ్ అన్నాడు.
పిలిచాను. వెంటనే సుజాత పలికింది. అరవలేదు, ఏడవలేదు.
"జోగమ్మ పోయింది అక్కా. నెత్తురు ఆగలే. పిల్లలిద్దరు ఉన్నరు. పొద్దుగాల్నుంచి పిలుస్తనే ఉన్న."
నా బోటు ఒడ్డునే కట్టేసి ఉంది.

జూలై 16
రహీం భాయ్ — "నేనే సంపిన మేడం." నేను ఉండనీ అన్నానుగా. ఇద్దరం తప్పు నాదంటే నాదని కొట్లాడుకున్నాం. దానివల్ల ఆ పిల్లలకు ఒరిగిందేముంది.

జూలై 18
బోటు వెళ్ళింది. పాలడబ్బాలు, మందులు. నేను రానా అని అడిగాను. "వద్దక్కా" అంది సుజాత. అంతే అంది.

జూలై 21
తొవ్వ తెరిచారు. లాప్‌టాప్ పట్టుకుని ఇద్దరం గుట్ట ఎక్కాం. తీసెయ్యమని నేను అనలేదు. రహీం భాయ్ తనే ఒకటో ఛానెల్ చెరిపి, దాని చోట మనది పెట్టాడు. ఆర్పాడు, వెలిగించాడు. ఆర్పాడు, వెలిగించాడు. మెల్లగా చేతులు పట్టుకుని ఆపాల్సి వచ్చింది. ఇప్పుడు ఎన్నిసార్లు ఆర్పినా సరిగ్గానే లేస్తోంది.

జూలై 24
సాయంత్రం పిలిచాను. "సుజా, ఉన్నవా?"
అటు బటన్ నొక్కిన చప్పుడు. రిపీటర్ తెరుచుకుంది. వాన, ఎక్కడో లోపల పసిపిల్ల ఏడుపు... మాట లేదు. చెల్లి అక్కడే ఉందని నాకు తెలుసు. క్షమించమని అడగాలి, బటన్ మీద వేలు పెట్టాను. అటు అది తన బటన్ ఇంకా వదలలేదు. అది వదిలితే గాని నేను మాట్లాడలేను.