లెక్క అయ్యేదాకా మోటారు ఆగదు

మార్చి 3, సోమవారం

పొద్దున్నే మా సెంటర్ ఓనర్ ప్రసాద్ గారి హుకుం — "భానూ, ఆ ఐదు ఫేజుల మోటారు ప్రాజెక్టు ఇంకొకాయనకి కావాలమ్మా. పేరు మార్చి ఇచ్చెయ్యి." ఇది నాలుగోసారి. కంప్యూటర్లో ఆ మోటారు సిమ్యులేషన్ చేసింది నేను. థీసిస్ మీద పేర్లు ఎవరెవరివో. అమీర్‌పేటలో ఈ ప్రాజెక్టు సెంటర్లో మూడేళ్లు — నా పేరు కనిపించేది హాజరు పట్టీలోనే. ఏడుపొస్తోంది.

మార్చి 5

కొనుక్కున్నాయన వచ్చాడు. నర్సింహ. జనగామ వైపు లెక్చరర్, ఎం.టెక్ కోసమట. అందరిలా సీడీ తీసుకుని పోడే! కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. చెప్పాను — కంట్రోలర్ ప్రతి క్షణం ముప్పై రెండు రకాల స్విచ్చింగులు చూస్తుంది, ఒక్కోదానితో కరెంటు ఎంతవుతుందో ముందే లెక్క కడుతుంది, మంచిదాన్ని ఎంచుకుంటుంది.

"గా లెక్క చేసెతందుకు టైం పడ్తది గద మేడం? గప్పటిదాంక మోటరు ఆగుతదా?"

ఆగదు. ఆ ఆలస్యం నా మోడల్లో లేనే లేదు. తల కొట్టేసినట్టయింది.

మార్చి 6

ఆలస్యం పెట్టి నడిపాను. నున్నటి గ్రాఫు కాస్తా రంపపు పళ్లు. ఇంతకుముందు ముగ్గురికి ఇచ్చింది అబద్ధమన్నమాట... ఛీ.

మార్చి 10

ఒక అడుగు కాదు, రెండడుగులు ముందుకి లెక్క కడితే కొంచెం దారికొచ్చింది. గ్రాఫులో ఇంకా వణుకు ఉంది. బస్సులో అదే ఆలోచన — పంజగుట్ట స్టాపు దాటేసి ఖైరతాబాద్‌లో దిగాను. వెనక్కి నడక. నా మీద నాకే ఒళ్లు మంట.

మార్చి 11

ప్రసాద్ గారికి చూపించాను.

"ఏంటమ్మా ఇది? పాతదే బావుంది కదా. బైండింగ్‌కి అదే పంపించేశా."

"అది తప్పండి."

"ఎవరికి తెలుస్తుంది?"

నాకు తెలుసు! గట్టిగా అనాల్సింది. పిరికిదాన్ని.

మార్చి 12

కొత్త గ్రాఫు, ప్రోగ్రాం సీడీలో వేసి, మెట్ల మీదే నర్సింహ చేతిలో పెట్టేశాను. పాతది ఎందుకు తప్పో కూడా చెప్పాను.

"పాతది మస్తు సాఫ్ ఉండె మేడం..."

వైవా శుక్రవారం. ఏది పెడతాడో చెప్పలేదు.

మార్చి 13, గురువారం

లంచ్ టైంలో నర్సింహ ఫోన్. బైండింగ్‌లో ఆ పేజీ కోసి, కొత్తది అతికించాడట. నిజమే చెప్తాడట. ఎంత సంతోషమేసిందో!

"గని మేడం, గిది ఎవరు సరిజేసిన్రని అడిగితే? మీ పేరు చెప్పాల్నా?"

చెబితే కొన్న ప్రాజెక్టని తెలిసిపోతుంది. ఆయన ఎం.టెక్ పోతుంది, నా ఉద్యోగమూ పోతుంది. వద్దు — ఒక్క ముక్క. అంటే సరిపోయేది.

"మేడం? ఇనవడ్తుందా?"

పెట్టేశాను. అప్పటినుంచి రెండుసార్లు చేశాడు. ఎత్తలేదు. వద్దని ఇప్పటికీ చెప్పలేదు.