గాడిలో కూర్చోని మెడ

చిరంజీవి తమ్ముడికి అన్నయ్య దీవెనలు.

నాన్న కాచే జిగురు వద్దని నువ్వు కొన్న సీసా జిగురును నేను కిటికీలోంచి విసిరేసిన నాటి నుంచి మన మధ్య మాటల్లేవు. మాట్లాడనని ఒట్టు పెట్టుకున్నాను గాని, రాయనని పెట్టుకోలేదు. నాన్న దాచిన చెక్కలో ఒక్క ఫిడేలుకు సరిపడా మిగిలింది. నా చూపు మసకబారుతోంది; ఇదే నా ఆఖరి ఫిడేలు. నాదం మోగే డొల్ల, అదే బుర్ర, నేను చెక్కాను. మెడ చెక్కడంలో నీకు సాటి లేరు. చెక్కముక్కతో పాటు, మెడ కూర్చోవలసిన గాడి కొలతను కాగితం మీద గీసి పంపుతున్నాను.

ఆశీస్సులతో,
అన్నయ్య

తా.క.: “బతిమాలి రాయండి” అంది మీ వదిన. నేను బతిమాలలేదని గమనించగలవు.

---

పూజ్యులైన అన్నయ్యకు నమస్కారాలు.

మెడ సిద్ధమైంది. మీ కాగితం మీద పెడితే వెంట్రుకవాసి లావుగా ఉంది. దాని ఆకారం గీసి పంపుతున్నాను. దారిలో విరిగితే వేరే చెక్క లేదు గనుక, కొలత కుదిరాకే మెడ పంపుతాను.

మీ విధేయుడు,
తమ్ముడు

తా.క.: నాన్న రెండు ముక్కలనూ ఒకే బల్ల మీద పెట్టి కూర్చోబెట్టేవారు. పోస్టులో ఫిడేలు చేసినవాళ్ళ గురించి నేను వినలేదు.

---

తమ్ముడికి,

తప్పు నాదే అయి ఉంటుంది. గాడి వెడల్పు చేశాను. నువ్వు మెడను ముట్టుకోకు.

అన్నయ్య

తా.క.: తప్పు నాదని రాస్తుంటే మీ వదిన వంటింట్లోంచి వచ్చి మరీ చదివింది.

---

అన్నయ్యకు,

మీ ఉత్తరం అందేలోపే, తప్పు నాదేననుకుని మెడను చిత్రిక పట్టేశాను. ఇప్పుడు వదులైపోతుంది. దిగులు పడకండి, మెడకు పలచని చెక్క అతికించేశాను. మీరేమీ చేయకండి.

తమ్ముడు

---

తమ్ముడికి,

మెడ సన్నబడిందని చదవగానే గాడి గోడలకు చెక్క అతికించాను. ఉత్తరం చివరి వాక్యాలు ఆ తరవాతే కనబడ్డాయి. చూపు సంగతి రాశాను కదా. అతుకు ఊడదీయబోతే బుర్ర చీలింది. నాన్న చెక్క నా చేతుల్లోనే పాడైంది. ఇక చేసేదేమీ లేదు.

అన్నయ్య

తా.క.: మీ వదిన నా సంచి సర్దుతోంది. అదే భయంగా ఉంది.

---

అన్నయ్యకు,

మెడ తీసుకుని రేపు ఉదయం బండికి వస్తున్నాను. దయచేసి కదలకండి.

తమ్ముడు

---

తమ్ముడికి,

నీ గుమ్మం మీద కూర్చుని, మా ఇంటి చిరునామాకు నీ పేర ఇది రాస్తున్నాను. చీలిన బుర్ర నా ఒళ్ళో ఉంది. మెడ నీ సంచిలో మా ఊరు చేరి ఉంటుంది. “ఆయన మీ దగ్గరికేనండీ, పొద్దున్నే వెళ్ళారు!” అంది మీ పక్కింటావిడ. వస్తున్నట్టు నువ్వు రాసి ఉంటే, ఆ ఉత్తరం నేను బయల్దేరాక అంది ఉంటుంది. ఒట్టు తీసి గట్టున పెట్టి, నీతో అనవలసిన మొదటి మాటను బండిలో దారి పొడవునా సాధన చేశాను. నాలిక చివరే ఉండడం వల్ల అది కాస్తా ఆవిడతో అనేశాను: “బాగున్నావురా?” ఆవిడ తలుపు వేసుకుంది.

ఈసారి నువ్వు అక్కడే ఉండు, నేనే వస్తాను. నువ్వూ ఇదే రాసి పోస్టు చేసి ఉంటావని భయంగా ఉంది.

అన్నయ్య

తా.క.: నీ కిటికీలోంచి చూశాను. కంటికి సరిగా ఆనలేదు గాని, వాసన తెలిసింది. కుంపటి మీద నాన్న కాచే జిగురే. నీ బల్ల మీద సీసా లాంటిదేమీ కనబడలేదు. నేను విసిరేసినదానికి బదులు కొత్త సీసా దారిలోనే కొన్నాను, నా సంచిలో ఉంది.