మణికట్టు మీది బ్యాండు

బుధవారం, కరీంనగర్

పొద్దున స్నానానికి వెళ్తూ రబ్బరు బ్యాండు తీస్తే మణికట్టు చుట్టూ ఎర్రటి గీత పడి ఉంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు.

సీలింగు లోపల అమర్చే మా కంపెనీ లైటుకు రెండు పక్కలా స్ప్రింగులుంటాయి. వాటిని పైకి మడిచి పట్టుకుంటేనే లైటు రంధ్రంలోకి వెళ్తుంది. వేలు జారితే స్ప్రింగు ఎగిరి తగిలి నొప్పెడుతుంది. అందుకే శాంపిళ్లు బిగించే వైర్‌మన్ శ్రీను నిచ్చెన మీద నుంచి రోజూ అదే అడుగుతాడు.

"మేడం, జర రబ్బరు బ్యాండు ఇస్తరా?"

దాన్ని స్ప్రింగులకు చుట్టి, లైటు సగం లోపలికి తోసి, బ్యాండు లాగేస్తాడు. తర్వాత వంగి నా అరచేతిలో పెడతాడు. ఆ ఒక్క క్షణం కోసం నేను...

ఈరోజు నేను గీసిన కొత్త క్లిప్పుకు పరీక్ష. అది స్ప్రింగులను తనే పట్టుకుంటుంది, లైటు తోయగానే వదిలేస్తుంది. శ్రీను ఒంటిచేత్తో బిగించేశాడు.

"మస్తు చేసిండ్రు మేడం! ఇగ మీ బ్యాండుతోని పనే లేదు."

"మంచిదే కదా," అన్నాను.

"మంచిదే," అన్నాడు. రెండో లైటు అందుకునే ముందు అలవాటుగా చెయ్యి చాచాడు. గుర్తొచ్చి, నవ్వి, వెనక్కి తీసుకున్నాడు.

క్లిప్పు డ్రాయింగు మీద సంతకం చేసి తయారీకి పంపేశాను. క్లిప్పు కాస్త వదులుగా గీసి ఉంటే పరీక్షలు ఇంకో వారం నడిచేవి. అలా అనుకున్నందుకు సిగ్గేసింది. అయినా అనుకుంటూనే ఉన్నాను.

టైఫాయిడ్ వచ్చినప్పటి నుంచి నా జుట్టు చెవుల దాకే. దానికి బ్యాండు అవసరం లేదు.