వంతెన దగ్గరి కాపలావాడు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున్నుంచి నాచారం ఇంట్లో నాకు కాలు నిలవలేదు. ఉప్పల్ దాకా నడిచి ఓ కట్టర్ కొనుక్కొచ్చి, నీ అమెరికా వీడియో గేమ్ తీశాను. జపాన్ ఆట క్యాసెట్ పట్టకుండా లోపల అడ్డంగా ఉన్న రెండు ప్లాస్టిక్ ముక్కలనూ కత్తిరించేశాను. నువ్వుంటే తిట్టేవాడివి. ప్రతిసారీ స్క్రూలు విప్పి, పైమూత తీసి ఆడావు గాని, దాన్ని కోయనివ్వలేదు.

ఆటలో నీ వీరుడు ఇంకా ఆ వంతెన దగ్గరే, దారి వదలని కాపలావాడి ముందే ఉన్నాడు. "ఈ సిపాయి నన్ను కమ్‌జోర్ అనుకుంటుండు సూడవే" అంటూ, బలం పెంచుకోవడానికి రెండు నెలలు అడవిలో రాక్షసులతో కొట్లాడావు. వాడి జపాన్ మాటలు ఫోన్‌లో తెలుగు చేసి చదువుదామంటే "అది దొంగాట" అన్నావు.

ఈరోజు చదివాను. ఆ కాపలావాడు అన్నది ఇంతే: వంతెన విరిగింది, పడవవాడిని అడుగు.

నవ్వబోయి, లేచి గదంతా తిరిగాను. క్యాసెట్‌లో ఒక్క ఆటే సేవ్ అవుతుంది. నేను ముందుకు ఆడి సేవ్ చేస్తే నువ్వు ఆగిన చోటు చెరిగిపోతుంది.

అమ్మ గుమ్మంలోంచి అడిగింది. "ఏందే, వాణ్ణి గట్లనే నిలబెడతవా?"

"జరిపితే అన్న ఆట పోతదమ్మా."

"ఏడాది సంది నిలబడ్డడు. కాళ్లు గుంజయా? పోనియ్యి."

పడవ ఎక్కించాను. అవతలి ఒడ్డున దిగగానే సేవ్ చేశాను. అక్కడి రాక్షసులు మస్తు పెద్దవాళ్లు, అన్నా. నీ ఒక్క దెబ్బకే పడిపోతున్నారు.