వాలు మీద జీడిమొక్క

సెప్టెంబరు 14
ఇసుక కంపెనీ తవ్వుకుని వదిలేసిన గుంత. నిట్టనిలువు గట్టు. పైన అంచునే రమణమ్మక్క జీడితోట — నిరుడు వానలకు మూడు చెట్లు గుంతలోకి జారిపోయాయి. ఈ గట్టును వాలుగా దించాలి. డోజర్ స్టార్ట్ చేస్తుంటే కంచె అవతల నుంచి అక్క — "ఏందబ్బయ్యా, ఉండేది గూడా తోసేదానికి వచ్చినావా?"
మాటలెందుకు, చేసి చూపిస్తాను.

సెప్టెంబరు 29
పైనుంచి కోస్తే పని తొందరగా అవుతుంది, అక్క తోట ఇంకాస్త పోతుంది. అందుకే అడుగు నుంచి మట్టి పోసి, తొక్కించుకుంటూ పైకి వస్తున్నాను. ఇంత ఓపికగా ఎవరు చేస్తారు? ఈ పేజీలో కూడా చెప్పుకోకపోతే ఇంకెక్కడ చెప్పుకోవాలి!

అక్టోబరు 6
వాలు అయింది. చివర్లో డోజర్‌ను నిలువుగా ఎక్కించి దించాను. చైను అచ్చులు అడ్డంగా పడ్డాయి — వాన నీళ్లు పరుగెత్తకుండా చిన్న చిన్న మెట్లు. ఎంత అందంగా ఉందో...

అక్టోబరు 9
వట్టివేరు నాటాం. ఇసుక కదలకుండా పైన పాత చేపల వలలు పరిచి మేకులు కొట్టాం. సముద్రం ఒడ్డున మైపాడు నుంచి బామ్మర్ది పంపినవి. ఐడియా నాది. నాదే.

అక్టోబరు 10
కుక్కలు! వలల్లో చేపల వాసన. సగం వాలు తవ్విపోశాయి. బామ్మర్దికి ఫోన్ చేస్తే — "ఉతికి పంపమని నువ్వు చెప్పలేదు గదా బావా." మా ఆవిడ సునీత పడీ పడీ నవ్వింది. "పరిచేటప్పుడు నీకు వాసన తగల్లేదా?"
తగల్లేదు. ఇన్నేళ్లుగా మైపాడు అల్లుణ్ణి, నా ముక్కుకు అది వాసనే కాదు.

అక్టోబరు 12
చర్చి నుంచి నేరుగా సైటుకు. వలలు పీకి, ఉతికి, మళ్లీ పరిచాం. తెల్లచొక్కా పాడైపోయింది. అక్క కంచె దగ్గర నిలబడి చూసింది. "దిగి చూడక్కా" అన్నాను. "చెట్లు పోయినాక ఆ అంచుకు పోయేది మానేసినా."

అక్టోబరు 23
రెండు రోజుల వాన. వాలు కదల్లేదు. అడుగున నీళ్లు తేటగా ఉన్నాయి — ఇసుక కొట్టుకు రాలేదు. ఒక్కణ్ణే నిలబడి చప్పట్లు కొట్టుకున్నాను. నిజం.

నవంబరు 27
వాయుగుండం అంటున్నారు. మొన్నటిది ఒక వానా, ఇది తట్టుకుంటేనే లెక్క. సాయంత్రం సైటుకు పోతే — అక్క! కంచె దాటి, అంచు దాటి, వాలు మీద కూర్చుని ఉంది. వల కాస్త పక్కకు జరిపి జీడిమొక్క నాటుతోంది.
"చెట్లు పోయిన చోటే పెడతా ఉండా. నిలబడతాది గదబ్బయ్యా?"
"నిలబడతాదక్కా." గట్టిగానే అన్నాను. ఛాతీ ఇంతైంది.

నవంబరు 28
వాన మొదలైంది. ఇన్నాళ్లూ లేని భయం ఇప్పుడు పట్టుకుంది. నా పనిని నేను నమ్మడం వేరు, అక్క నమ్మడం వేరు.
గాలి పెరుగుతోంది... ఆ మొక్క మోకాలంత కూడా లేదు. రెయిన్‌కోటు కనబడడం లేదు. లేకపోయినా సరే, పోతున్నాను.