తొక్కుడుబిళ్ళ గీసిన మధ్యాహ్నం

గౌరీ,

నువ్వు పోయి రేపటికి రెండేళ్ళు. నేనింకా మీ బడిలోనే వండుతున్నాను. అన్నం తిన్నాక మిమ్మల్ని వరండాలో నోరు మూయించి కూర్చోబెట్టేవారు కదా, దానికి నువ్వు రోజూ ఏడ్చేదానివి. మొన్న కొత్త హెడ్ మేడమ్‌ని నేనే అడిగాను, పిల్లల్ని ఆడుకోనివ్వమని. "ఒక్కరికి దెబ్బ తగిలినా ఆటలు బంద్" అని ఒప్పుకున్నారు.

ఈరోజు ముగ్గుపిండితో గళ్ళు గీశాను. పిల్లలు నవ్వేశారు, హిందీలో దీన్ని కిత్-కిత్ అంటారట.

"ఆంటీ, యే తో కిత్-కిత్ హై!"

"మా ఊర్ల తొక్కుడుబిళ్ళ అంతారర్రా. ముందు సేతులు కడుక్కుని రండి."

కాసేపటికే సోనీ అనే పిల్ల మోకాళ్ళ మీద పడింది. సరిగ్గా అప్పుడే మేడమ్ వచ్చారు. ఇక అయిపోయిందనుకున్నాను. అది లేచి, దుమ్ము దులుపుకుని, "గిరీ నహీ మేడమ్, కూదీ!" అంది. పడలేదట, దూకిందట! మేడమ్ నవ్వాపుకోలేక, "రేపు ఇంకో రెండు గీయండి" అన్నారు.

అందరూ తరగతుల్లోకి వెళ్ళాక నేనూ చీర ఎగదోపి ఒంటికాలితో గెంతాను. మూడు గళ్ళు దాటాను, నాలుగోదాన్లో రెండో కాలు పెట్టేశాను. నువ్వుంటే ఔటని అరిచేదానివి.

రేపు దాటుతాను.

అమ్మ