ఎర్ర బండి మరదలికి, వెండి బండి పెయింటరుకి

ముప్పై ఎనిమిదేళ్లు కార్ల సొట్టలు తీసి, అందరి చేతా సొట్టల మామ అనిపించుకున్న నేను, డెబ్బై ఒకటో ఏట, ఊపిరితిత్తులు మొరాయిస్తున్నా మతి నిలకడగా ఉన్న సమయంలో, ఎవరి బలవంతమూ లేకుండా, నా షెడ్డులోనే కూర్చుని రాయించిన వీలునామా ఇది. ఇందులోని ఆస్తులన్నీ నా స్వార్జితం. నా భార్య పోయి పదకొండేళ్లు. మాకు పిల్లల్లేరు. దీన్ని అమలుచేసే బాధ్యత స్పేర్ పార్టుల షాపు ఆవిడకు అప్పగిస్తున్నాను.

1. షెడ్డులోని రెండు కార్లూ హోండా కంపెనీవే. చూడవచ్చినవాళ్లంతా ఏది గొప్పదని అడుగుతారు కాబట్టి చెప్పి పోతాను. వెండిరంగు ఎన్నెస్సెక్స్‌కి ఇంజను సీట్ల వెనక ఉంటుంది, ఒళ్లంతా అల్యూమినియం. సొట్ట పడితే ఇనపరేకులా మాట వినదు. చెక్క సుత్తితో, కాస్త కాస్త వేడి చూపిస్తూ బతిమాలుకోవాలి. దెబ్బ ఎక్కువైతే పగులుతుంది. ఎర్రది ఎస్ టూ థౌజండ్. ఇనపరేకు, గుడ్డ టాపు, ఇంజను ముందు. నిమిషానికి తొమ్మిదివేల చుట్ల దాకా గొంతెత్తి అరుస్తుంది. పనివాడిగా నా ఓటు వెండిదానికి. నా భార్య డ్రైవింగ్ స్కూల్లో పాఠాలు చెప్పేది. "మీది చూసుకునే బండి, నాది నడుపుకునే బండి" అనేది. ఆవిడదే నిజం.

2. వెండి బండిని, నా పక్కన పాతికేళ్లు పనిచేసిన పెయింటరుకి ఇస్తున్నాను. ఎవరో గోడకి గుద్ది వదిలేస్తే కొన్నాం. ఎడమ డోరు ఇంకా పూర్తికాలేదు. నా భార్య మంచాన పడ్డ నాలుగు నెలలూ నేను ఆ డోరు దగ్గరే ఉన్నాను. పని ఉండి కాదు, ఆ గదిలో కూర్చోలేక. అతనికది తెలుసు. ఏనాడూ అనలేదు.

3. ఎర్ర బండిని, రెండు తాళాలతో సహా, నా భార్య చెల్లెలికి సర్వహక్కులతో ఇస్తున్నాను. నర్సు ఉద్యోగానికి సెలవు పెట్టి వచ్చి అక్కను చూసుకున్న మనిషి. పదకొండేళ్లుగా మాకు మాటల్లేవు. కారణం రాయడం న్యాయం.

నా భార్య మూడుసార్లు అడిగింది: "ఏమండీ, ఒక్కసారి టాపు తీసి నన్నలా తిప్పుకురండి." ప్రతిసారీ "ఈ డోరు కానివ్వు" అన్నాను. ఒక మంగళవారం నేను రేకు కొనుక్కొచ్చేసరికి ఎర్ర బండి లేదు. గంటన్నరకి తిరిగొచ్చింది. పక్కసీట్లో, దుప్పట్లో చుట్టుకుని నా భార్య. ముక్కు ఎర్రబడింది, నవ్వుతోంది. ఆ నవ్వు చూడాల్సినవాణ్ణి చూడకుండా, నడిరోడ్డు మీద మరదలి మీద అరిచాను. ఆమె ఒకటే అంది: "అక్క నన్ను ఒక్కసారే అడిగింది బావా."

తొమ్మిదో రోజున నా భార్య పోయింది. చలిగాలికి తిప్పి చంపావని, వచ్చినవాళ్లందరి ముందూ అన్నాను. అది అబద్ధమని డాక్టరు చెప్పకముందే నాకు తెలుసు. ఆ మాట పదిమంది ఎదుట అన్నాను కాబట్టి, సాక్షుల ఎదుటే వెనక్కి తీసుకుంటున్నాను.

4. మా అన్నయ్యకు ఏమీ రాయడం లేదు. పెళ్లికి రానివాడు బండి చూడ్డానికి మాత్రం రెండుసార్లు వచ్చాడు. చూశాడుగా, చాలు.

5. నా భార్య తోలు గ్లౌజులు డ్రైవింగ్ స్కూలుకి. ఆడపిల్ల ఎవరైనా భయపడుతూ మొదటిరోజు వస్తే ఇవ్వండి. కుడిచేతిది బొటనవేలి దగ్గర నేనే కుట్టాను, వంకరగా.

6. వీలునామా మనిషి పోయాక చదివేది. అయినా దీని నకలు ఒకటి మరదలికి ఈరోజే పంపిస్తున్నాను. డాక్టరు నాకు వానాకాలం దాకా గడువిచ్చాడు. అమ్మాయ్, తాళాల కోసం నేను పోయేదాకా ఆగక్కర్లేదు. ఒకసారి రా. ఆ గంటన్నరా మీరిద్దరూ ఏ దారిన వెళ్లారో, మీ అక్క ఏం మాట్లాడిందో నేనెప్పుడూ అడగలేదు. వచ్చి చెప్పు. మధ్యలో ఒక్క మాటా అడ్డురాను.

2019 మార్చి 14, గురువారం.

(సంతకం) సొట్టల మామ

సాక్షులు, నా సమక్షంలో చదివి సంతకం చేసినవారు:
ఎదురింటి పళ్ల డాక్టరు
డ్రైవింగ్ స్కూలు గుమాస్తా